ఇంటి దగ్గర ఒక్క మనిషి

పోయిన వారం నూకరత్నాన్ని మెట్ల మధ్యలో వదిలేశాం. పాత పోస్టాఫీసు వెనక సందులో మూడంతస్తుల మేడ, రెండో అంతస్తులో షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసు, అక్కడికి వెళ్లే మెట్లు. మధ్యలో ఆగి రొప్పుతోంది. ఆ రొప్పు మెట్ల వల్ల కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కూర్మన్నపాలెంలో బయల్దేరి రెండు బస్సులు మారి నిలబడే వచ్చిన మనిషికి ముప్పై మెట్లు ఒక లెక్క కాదు. పైన కూర్చున్న మనిషి పేరు శ్రీసత్య. అప్పలసూరికి మేనమామ కూతురు. పెళ్లైన తొమ్మిదేళ్ల నుంచీ ఆ పేరు చెవిన పడితే చాలు, నూకరత్నానికి ఊపిరి సరిగా ఆడదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నూకరత్నం మొగుడు అప్పలసూరి రిగ్గరు, అంటే క్రేన్లకి బరువులు కట్టే పనివాడు. ఏడు నెలల కిందట మరో పదిమంది మన విశాఖ వాళ్లతో కలిసి, సముద్రం అవతల ఒక దేశంలో రేవు కట్టే పనికి వెళ్లాడు. పదమూడు రోజుల కిందట ఆ దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వీధుల్లో సైన్యం దిగింది. రోజంతా కర్ఫ్యూ, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రం సడలింపు. ఇంటర్నెట్ ఆపేశారు. పనివాళ్ల క్యాంపుకి మిగిలింది ఒకే ఒక్క ల్యాండ్‌లైను, దాని మీద మూడు రోజులకోసారి మనిషికి రెండు నిమిషాలు. రేపు పొద్దున సడలింపు వేళలో మన రాయబార కార్యాలయం వాళ్లు బస్సు పెట్టి అందర్నీ విమానాశ్రయానికి చేరుస్తారని కబురు. అంతా బాగానే ఉంది. ఆ రెండేసి నిమిషాలూ అప్పలసూరి ఎవరితో మాట్లాడుతున్నాడో మాత్రం నిన్న సాయంత్రం దాకా నూకరత్నానికి తెలియదు. అతనికి లైను దొరకడం లేదనీ, అతని కబుర్లు రాయబార కార్యాలయం నుంచి శ్రీసత్యకి అందుతున్నాయనీ అనుకుంది. అత్త దేముడమ్మ చారుకి పోపు పెడుతూ నోరు జారింది.

ఇక మెట్లు ఎక్కిద్దాం.

రాయబార కార్యాలయం వాళ్లు పంపిన సూచనలు నూకరత్నానికి కంఠతా వచ్చు. ఇంగ్లీషులో వచ్చిన వాటిని తెలుగు చేసి, తన గొంతుతో రికార్డు చేసి, పదకొండు ఇళ్లవాళ్లకీ పంపింది శ్రీసత్యే. కర్ఫ్యూ వేళల్లో గది దాటవద్దు. సడలింపు ఇచ్చినా మొదటి అరగంట బయటికి వెళ్లవద్దు, అప్పుడే గొడవలు జరుగుతాయి. సైనికుల్నీ తనిఖీ చోట్లనీ ఫొటోలు తీయవద్దు. గుంపు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకోవాలి. అడిగినదానికే జవాబు చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. మూడు రోజులకి సరిపడా నీళ్లు, తిండి, మందులు దగ్గర ఉంచుకోవాలి. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. ఇంటి దగ్గర ఒక్క మనిషిని ఎంచుకుని ఆ మనిషితోనే మాట్లాడాలి, మిగతా అందరికీ ఆ మనిషే చెప్పాలి.

మొగుడు ఎలా ఉన్నాడో అన్న దిగులుతో రోజుకి పదిసార్లు ఆ రికార్డింగు వినేది పాపం. పదిసార్లూ ఆ నిదానమైన గొంతు వినవలసి వచ్చేది. ఆ ఒక్క మనిషి ఎవరో నిన్న తెలిశాక రాత్రి మళ్లీ పెట్టుకుని వింది. చివరి సూచన దగ్గర శ్రీసత్య గొంతు కొంచెం తగ్గినట్టు అనిపించింది. తగ్గిందో లేదో నాకు తెలియదు. కుళ్లుతో వింటే గొంతులు తగ్గుతాయి, పెరుగుతాయి, నవ్వుతాయి కూడా.

ఆఫీసు తలుపు తెరిచే ఉంది. కిటికీలోంచి రేవు క్రేన్లు, వాటి వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తున్నాయి. కిటికీ పక్క బల్ల దగ్గర శ్రీసత్య. ముప్పై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో నూకరత్నం దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది, దాన్ని ఎవరితోనూ అనలేదు. వాళ్ల నాన్న పోర్టులో ఉద్యోగం వచ్చాక కూతురికి పట్నం పేరు పెట్టి, డిగ్రీ చదివించి, ఆ పిల్లని రిగ్గరుకి ఇవ్వనని అడ్డం తిరిగాడు. అందుకని పద్మనాభం నుంచి ఎనిమిదో తరగతి చదివిన నూకరత్నం వచ్చింది. తను ఎవరి చోట్లో కూర్చుందో తెలియకుండా ఒక్క రోజు కూడా కాపురం చేయలేదు.

ముందు జుట్టు చూసింది. చెవి పైన నాలుగు తెల్ల వెంట్రుకలు. క్షణం హాయిగా అనిపించింది. తర్వాత చీర చూసింది, బూడిదరంగు నూలు చీర, ఇస్త్రీ చెదరలేదు. ఆ హాయి కాస్తా పోయింది.

"రా అక్కా. కూకో," అంది శ్రీసత్య లేచి.

బావ పెళ్లాం గనక అక్క. ఆ వరస కూడా నూకరత్నానికి మంటే. అప్పలసూరిని 'బావ' అని పిలిచే హక్కు ఈ మనిషికి పుట్టుకతో వచ్చింది. తను తొమ్మిదేళ్ల నుంచీ 'ఏటండీ' దగ్గరే ఆగిపోయింది.

"కూకోడానికి రాలేదు. నా ఎనిమిది నిమిషాలు నాకిచ్చీ. పట్టుకుని ఎల్లిపోతాను."

"ఏ ఎనిమిది నిమిషాలక్కా?"

"నాలుగుసార్లు ఫోన్ సేసాడు. సారికి రెండు నిమిషాలు. ఎనిమిదో తరగతి దాకా లెక్కలు నేర్పారులే నాకు."

పక్క బల్ల దగ్గర పెద్దాయన ఒకాయన ఉన్నాడు. టీ తాగి వస్తానని గాలికి చెప్పినట్టు చెప్పి బయటికి నడిచాడు. శ్రీసత్య కుర్చీ ముందుకు జరిపింది. నూకరత్నం ఆ కుర్చీని చూడను కూడా చూడలేదు.

"అత్త చెప్పేసిందా?" అంది శ్రీసత్య.

"ఓహో, అత్తకి తెల్సు. నీకు తెల్సు. పెళ్లానికే తెలీకూడదు. నాను రోజూ నీకు ఫోన్ సేసి, ఆరెలగున్నారు సత్యా అని అడుగుతన్నాను. బావున్నారక్కా, తిన్నారక్కా అంటన్నావు. నా మొగుడు తిన్నాడో లేదో నాకు నువ్వు సెప్పాలేటి?"

"సూచనలు నువ్వు కూడా విన్నావు కదా. ఇంటి కాడ ఒక్క మనిషినే పెట్టుకోమన్నారు. పదిమందితో మాటాడితే పది రకాలుగా బయటికి పోద్ది, అక్కడ ఆళ్లకే ప్రమాదం."

"ఇన్నాను. నీ గొంతుతోనే ఇన్నాను. ఆ ఒక్క మనిషి పెళ్లాం కాకూడదని అందులో ఎక్కడుందో సూపించు."

శ్రీసత్య బల్ల మీది కాగితాలు సర్దింది.

"మిగతా పదిమందీ పెళ్లాలకో తల్లులకో సేత్తన్నారు. అసిరమ్మకి ఆళ్లాయన సేత్తన్నాడు. పైడయ్యకి పెళ్లి కాలేదు, అమ్మకి సేత్తన్నాడు. నా మొగుడొక్కడే మరదలికి సేత్తన్నాడు. రేపు బస్సు దిగొచ్చాక కాలనీలో నా మొగం ఎక్కడ పెట్టుకోను?"

కాలనీలో మొహం సంగతి పైకి అన్న మాట. లోపల మెలిపెడుతున్నది వేరే. తుపాకులు పట్టుకున్న మనుషుల మధ్య, ఎప్పుడు ఏమవుతుందో తెలియని చోట, చేతిలో రెండే నిమిషాలు ఉన్నప్పుడు మనిషికి ఎవరు గుర్తొస్తారో వాళ్లే తన మనిషి. ఈ లెక్క నిన్నటి నుంచీ వేసుకుంటోంది. ఎటు తిప్పి వేసినా చివర్న ఈ బూడిదరంగు చీరే వస్తోంది.

"నాలుగుసార్లూ ఏటి మాటాడేడు? అది సెప్పు, ఎల్లిపోతాను."

"చెప్పొద్దన్నాడక్కా."

ఆ ముక్కతో నూకరత్నం కూర్చుంది. ఇందాక వద్దన్న కుర్చీలోనే కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుని, "ఆఫీసు మూసీదాకా ఉంటాను. తర్వాత మీ ఇంటికొస్తాను. మంచాన ఉన్న మీ నాన్న పక్కన కూకుంటాను. సెప్పీదాకా ఎల్లను," అంది. కేకలు వేసి ఉంటే శ్రీసత్య తట్టుకునేదేమో. ఇలా నెమ్మదిగా అనేసరికి బల్ల మీద పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

"తెలిస్తే బాధపడతావు."

"ఇప్పుడేటి, సంబరపడతన్నానా?"

శ్రీసత్య ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఓడల కెప్టెన్లతో మాటా మాటా వస్తే రుజువు ఉండాలని ఆ ఆఫీసులో అందరి ఫోన్లలోనూ మాటలు రికార్డు అయ్యేలా పెడతారు. మూడోసారి వచ్చిన ఫోను వెతికి, బల్ల మధ్యలో పెట్టి నొక్కింది.

ముందు గరగర. తర్వాత అప్పలసూరి గొంతు.

"ఒలే సత్యా, నానే. మద్దిలో అడ్డు రాకు, ఇను. మొన్న చెక్‌పోస్టు కాడ మిలట్రీవోడు పాస్‌పోర్టు తీసి సూసాడు. ఫొటో మీద ఈ మరక ఏటని అడిగాడు. బొట్టు అని ఆడికి ఎలగ సెప్తాను? ఫొటో మార్చీసేననుకున్నాడు. గోరుతో గోకి గోకి సూసి ఆ పూటకి ఒగ్గీసాడు. మళ్లీ దొరికితే లోపలేసీస్తారని మనోళ్లందరూ భయపెట్టేరు. సరే మరక పోద్ది కదా అని రూముకొచ్చి, రంగులు తుడిసే తిన్నరు గుడ్డకి రాసి తుడిసీసేను. మరక పోయింది. దాంతో పాటు మొగం కూడా పోయింది. ఇప్పుడు సూస్తే తెల్లగుంది, నాను లేను. బస్సెక్కాలంటే వేరే కాయితం కావాలంట, ఇంటి కాడ నుంచి అర్జీ పెట్టాలంట. నువ్వే సూడాలి. రత్నానికి మాత్రం సెప్పకు. అది ఎట్టిన బొట్టు వల్లే ఇదంతా అని తెలిస్తే తిండి మానీద్ది. జన్మలో మళ్లీ పసుపు గిన్ని ముట్టదు. దానికి సెప్తే..."

ఎవరో వెనక నుంచి టైమ్ టైమ్ అని అరిచారు. లైను తెగింది.

మన వైపు కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వాడే ఇల్లుంటే నాకు చూపించండి. స్కూటరుకి పెడతాం, మిక్సీకి పెడతాం, గ్యాసు బండకి కూడా పెడతాం. ప్రయాణానికి ముందు పోస్టులో పాస్‌పోర్టు రాగానే నూకరత్నం దాన్ని సింహాచలం పట్టుకెళ్లింది. కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, తడి పసుపు, దాని మీద కుంకుమ సిద్ధం చేసింది. అక్కడ ఆమెకో ఆలోచన వచ్చింది. అట్ట మీద పెడితే అట్టకే అందుతుంది, లోపలున్న మనిషికి ఎలా అందుతుందని. పుస్తకం తెరిచి, ఫొటోలో అప్పలసూరి నుదుటి మీద ఉంగరం వేలితో చక్కగా గుండ్రంగా బొట్టు పెట్టింది. దూరదేశం వెళ్తున్నవాడికి దిష్టి తగలకూడదు, మరొకరి కన్ను పడకూడదు. ఆ మరొకరు ఎవరో కూడా ఆ క్షణంలో మనసులో ఉంది, దాచడం దేనికి. అప్పలసూరి చూసి, 'నన్ను పెళ్లికొడుకుని సేసీసేవే' అని నవ్వాడు.

  శ్రీసత్య మంచినీళ్ల సీసా మూత తీసి ఇస్తే నూకరత్నం తీసుకుంది గాని తాగలేదు.

"నానే సేసాను," అంది కాసేపటికి.

"కావాలని చేసావా అక్కా. ఎవరైనా చేస్తారు."

"నువ్వు సెయ్యవు. నువ్వు సదువుకున్నావు కదా, పాస్‌పోర్టులో ఫొటో ముట్టకూడదని నీకు తెల్సు."

ఇది పశ్చాత్తాపం అనుకునేరు. సగం పశ్చాత్తాపమే. మిగతా సగం మళ్లీ అదే మంట, ఈసారి ఇంకో దారిలో వచ్చింది. మొగుడు తనని తిట్టలేదు. తన కోసమే దాచాడు, తను తిండి మానేస్తుందని దాచాడు. అది విని మనసు కరిగిన మాట నిజం. కరిగిన వెంటనే గుర్తొచ్చింది, తన తెలివితక్కువతనం తనకంటే ఆరు రోజుల ముందు ఈమెకి తెలుసు. తను ఫోన్ చేసి 'ఆరెలగున్నారు' అని అడిగిన ప్రతిసారీ, అన్నీ తెలిసి ఈమె నిదానంగా జవాబు చెప్పింది. మొగుడూ మరదలూ కలిసి తనని చంటిపిల్లని దాచినట్టు దాచారు. వాళ్లిద్దరి మధ్యా ఇంకేమీ లేకపోవచ్చు. ఆ దాపరికం మాత్రం వాళ్లిద్దరిదే, అందులో తనకి చోటు లేదు.

"సరే," అని కొంగుతో మొహం తుడుచుకుంది. "కాయితం సంగతి ఎంతవరకొచ్చింది?"

శ్రీసత్య ఊపిరి పీల్చుకుంది. ఆఫీసు మనిషి కదా, పని మాట వచ్చేసరికి గొంతు కుదుటపడింది. పాస్‌పోర్టు పాడైనవాళ్లకి రాయబార కార్యాలయం ఒక్క ప్రయాణానికి పనికొచ్చే కాగితం ఇస్తుంది. అప్పలసూరి పాస్‌పోర్టు నకలు అతన్ని పనికి పంపిన ఏజెంటు దగ్గర సంపాదించి తను నాలుగు రోజుల కిందటే పంపింది. ఢిల్లీలోని సహాయ కేంద్రం వాళ్లు ఇంటివాళ్లతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడి రూఢి చేసుకోవాలి. అది అయితే సాయంత్రానికల్లా కాగితం రాయబార కార్యాలయం బండిలో క్యాంపుకి చేరుతుంది, రేపు ఆరున్నరకి అందరితో పాటు బస్సు ఎక్కుతాడు. కాకపోతే మిగతా పదిమందీ ఎక్కుతారు, అతను క్యాంపులో ఒక్కడూ మిగిలిపోతాడు. గుర్తింపు లేకుండా సైన్యం కంటబడ్డ పరాయి దేశస్థుడి గతి ఏమిటో ఆమె చెప్పలేదు, నూకరత్నం అడగలేదు.

"ఫోన్ ఎప్పుడు సేత్తారు?"

"ఇవాళే. రెండు నుంచి నాలుగు లోపల."

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది.

"అయితే మంచి టైముకే వొచ్చేను. నానే మాటాడతాను. పెళ్లాన్ని నాను ఇక్కడుండగా నువ్వెందుకు మాటాడ్డం?"

శ్రీసత్య చూపు కిటికీ వైపు తిరిగింది. చెవుల దగ్గర ఎర్రబడింది. నూకరత్నం తొమ్మిదేళ్లుగా ఈ మనిషిలో తప్పు వెతుకుతోంది, ఎప్పుడూ దొరకలేదు. ఇవాళ దొరికిందని ఆ చెవులు చూడగానే తెలిసిపోయింది.

"ఏటి సేసావు?"

శ్రీసత్య సొరుగు లాగి ఒక కాగితం తీసింది. పంపిన అర్జీ నకలు. ఇంగ్లీషులోనే ఉంది గాని ఎనిమిదో తరగతి చాలు దానికి. అప్పలసూరి పేరు ఉంది. కింద అర్జీ పెట్టినవారి పేరు దగ్గర శ్రీసత్య అని ఉంది. దాని కింద గడిలో, అతనికి ఏమవుతారు అన్నచోట, భార్య అని ఉంది.

నూకరత్నం రెండుసార్లు చదివింది. లేచి నిలబడింది. చెయ్యి దానంతట అదే లేచింది. కొట్టలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"ఎంత దైర్యమే నీకు."

"ముందు బంధువు అనే రాసానక్కా. ఒట్టు. బంధువులు కుదరదు, భార్యో తల్లో తండ్రో తోడబుట్టినవాళ్లో అవ్వాలని తిరిగొచ్చింది. వాళ్ల రూలు వాళ్లది, ఎవరు పడితే వాళ్లు అడిగితే ఇవ్వరు కదా. అత్త పేరు పెడదామంటే ఆవిడకి ఫోన్‌లో సగం వినబడదు. నీ పేరు పెడదామంటే నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆ రోజు అయిదింటికి గడువు. పది నిమిషాలుంది."

"అందుకని నా మొగుడికి పెళ్లాం అయిపోనావు."

"కాగితం మీద."

"ఆ కాయితం మీదే కదా నా మొగుడు ఇంటికి రావాలి."

 కింద సందులో లారీ ఒకటి వెనక్కి వస్తోంది, దాని చప్పుడు ఆగాక శ్రీసత్య నోరు విప్పింది.

"రాసినప్పుడు నాకేటీ అనిపించలేదంటే అబద్ధం. రాసి ఒకసారి చదువుకున్నాను. అంతేనక్కా. పంపించీసాను. నువ్వు తొమ్మిదేళ్లుగా నన్ను చూసి ఎంత కుళ్లుకుంటన్నావో నాకు తెల్సు. నాను నిన్ను చూసి ఎంత కుళ్లుకుంటానో నీకు తెలీదు. పండక్కి అత్తింటికి వస్తే నువ్వు బావకి అన్నం వడ్డిస్తావు. నాను పప్పు గిన్ని అందిస్తాను. ఆ గిన్ని అందించీసరికి నా పని అయిపోద్ది."

ఈ మాట ఆమె నోట వస్తుందని నూకరత్నం అనుకోలేదు.  జాలి వేసిందా అంటే, వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఇంత కాలం ఊహించుకుని ఏడ్చినదంతా ఊహ కాదని తేలినప్పుడు ఆడదానికి సంతోషం ఎక్కడిది.

"మార్పించు. ఇప్పుడే ఫోన్ సేసి, తప్పు రాసాననీ, పెళ్లాం పేరు నూకరత్నమనీ సెప్పు."

"చెప్తే అర్జీ మళ్లీ మొదటికొస్తాది. రెండు రోజులు పడద్ది. బస్సు రేపు పొద్దున్న."

అప్పుడు నూకరత్నానికి ఒక ఆలోచన వచ్చింది. నేను రాయకుండా దాటేయవచ్చు, కాని వచ్చింది గనక రాస్తున్నాను. ఆయన అక్కడే ఉండిపోనీ, ఈమె మొగుడుగా మాత్రం ఇంటికి రావద్దు. ఒక్క క్షణం, నిజంగానే, మనస్ఫూర్తిగా అలా అనుకుంది. మరుక్షణం ఆ క్యాంపు గదీ, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే మనిషీ, అతని చేతిలో మొహం లేని ఫొటో కళ్ల ముందు కనిపించాయి. తను పెట్టిన బొట్టే అతని మొహం చెరిపింది. ఇప్పుడు తన నోరు కూడా తోడైతే ఇంక మిగిలేదేమీ ఉండదు. మళ్లీ కుర్చీలో కూలబడింది.

మూడూ నలభైకి ఫోన్ మోగింది.

ఢిల్లీ నంబరు. శ్రీసత్య దాన్ని ముట్టుకోలేదు. రెండు వేళ్లతో బల్ల మీద నూకరత్నం వైపు జరిపింది.

"నువ్వే ఎత్తు అక్కా. నిజం చెప్తానంటే చెప్పు, తప్పు రాసింది నానని వాళ్లతో నాను ఒప్పుకుంటాను. నువ్వు ఏటి చెప్పినా నాను కాదనను."

ఫోన్ బల్ల మీద వణుకుతూ మోగుతోంది. నాలుగు, ఐదు. శ్రీసత్య కళ్లు మూసుకుంది. ఆ మూసుకోవడం చూశాక నూకరత్నానికి అర్థమైంది, ఈమె భయపడటం లేదు, ఆశపడటమూ లేదు. తనలాగే, అప్పలసూరి ఎలాగైనా బస్సెక్కాలని కోరుకుంటోంది. ఆ కోరిక ఇద్దరిదీ ఒకటే కావడం తొమ్మిదేళ్లలో అన్నిటికంటే పెద్ద మంటగా ఉంది. ఆరోసారి మోగుతుండగా ఎత్తి స్పీకరు నొక్కింది.

"నమస్కారమండీ, సహాయ కేంద్రం నుంచి మాట్లాడుతున్నాను," అంది అవతల ఆడమనిషి. మన తెలుగే. చదువుకున్న గొంతు, మర్యాదైన గొంతు. "అప్పలసూరి గారి అర్జీ విషయం. శ్రీసత్య గారేనా మాట్లాడేది?"

"కాదండి."

"ఆయన భార్య శ్రీసత్య గారితో మాట్లాడాలి. ఉన్నారా?"

నూకరత్నం శ్రీసత్య మొహం వైపు చూడలేదు. చూస్తే మాట రాదని తెలుసు. కిటికీ అవతల క్రేను ఒకటి బరువెత్తి గాలిలో నిలబెట్టింది, దాని వైపు చూస్తూ అంది.

"ఉన్నారండి. ఆరి భార్య నా పక్కనే ఉన్నారు. ఫోన్ ఇస్తన్నాను."

అనేసింది. తొమ్మిదేళ్లలో ఏ రోజూ ఏ దేవుడి ముందూ అనని మాట తన నోటితో అనేసింది. ఫోన్ శ్రీసత్య వైపు జరిపింది. శ్రీసత్య కళ్లు తెరిచింది, కళ్ల నిండా నీళ్లు. చెయ్యి చాపింది.

"ఒక్క నిమిషం. ఫోన్ ఇవ్వకండి," అంది అవతలి గొంతు. మర్యాద అలాగే ఉంది గాని కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. "పది నిమిషాల కిందటే క్యాంపు లైనులో అప్పలసూరి గారితో మాట్లాడాను. అర్జీలో రాసినదీ ఆయన చెప్పినదీ ఒకటేనా అని చూసుకోవాలి కదండీ. మీ భార్య పేరేమిటని అడిగాను. నూకరత్నం అన్నారు. తడబడ్డారేమో అని మళ్లీ అడిగాను. మళ్లీ అదే పేరు చెప్పారు. తనకి ఉన్నది ఒక్కతే భార్య అనీ, ఆమె తప్ప ఇంకెవరూ లేరనీ, అడగకుండానే చెప్పారు."

ఇద్దరి చేతులూ ఫోన్‌కి అటొకటి ఇటొకటి ఆగిపోయాయి.

"చెప్పండమ్మా," అంది అవతలి గొంతు. "ఆ నూకరత్నం ఎవరు?"